సోఫా వెనక గోడ

కర్టెన్ చివరి రింగు కమ్మీకి ఎక్కించి, స్టూలు దిగి, అవతలి గోడకు వీపు ఆనేదాకా వెనక్కి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆమె చూసింది. గది పడింది. పడటమంటే వాళ్ల పనిలో వాడే మాట. తెచ్చిపెట్టిన సామానంతా ఒకదానితో ఒకటి పేచీ మానేసి, ఏళ్ల తరబడి అక్కడే కాపురం ఉన్నట్టు కుదురుకుంటే గది పడిందంటారు, లేకపోతే ఎంత మంచి కుర్చీ అయినా నన్ను అద్దెకు తెచ్చారని మొహం మీదే చెప్పేస్తుంది. ఇది పడింది, అనుమానం లేదు, మధ్యలో ఆకుపచ్చ సోఫా, దాని వెనక గంధం రంగు గోడ, రెండు పక్కలా రెండు కుర్చీలు కొంచెం ఏటవాలుగా, మూలన పొడుగు కాలి దీపం, కింద గోధుమరంగు తివాచీ, ఎన్నిసార్లు చూసుకున్నా వేలు పెట్టి చూపించే తప్పు లేదు. ఆయన స్టేషన్‌కు కూతుర్ని తీసుకురావడానికి బయల్దేరి ఎంతోసేపు కాలేదు, చెప్పుల చప్పుడు ఇంకా మెట్ల మీదే ఉన్నట్టుంది, రైలు రావాలి, తండ్రీకూతుళ్లు బస్సెక్కాలి, బేకరీ మలుపులో దిగాలి, నడిచి రావాలి, అంటే గంట ఉంది. గంటంటే తక్కువేం కాదు. ఒక అంకానికీ ఇంకో అంకానికీ మధ్య, జనం బయటికెళ్లి టీ తాగి వచ్చేలోగా, జడ్జిగారి బంగళా పీకేసి జైలు కట్టిన మనిషి తను, నాటక సమాజంలో వయసులో పెద్దవాళ్లు కూడా సెట్లు కట్టే తనని సెట్టక్క అని ఊరికే పిలవరు.

ఇదంతా ఆ సోఫా వచ్చిన రోజు మొదలైంది. కాదు, అంతకు ముందే, ఆయన కూతురు ఫోన్ చేసిన రోజు. ఓడరేవులో క్రేన్ నడుపుతుంది ఆ పిల్ల, పిల్లంటే పిల్లేం కాదు, ముప్పై దాటింది, అంత ఎత్తున గాజు గదిలో ఒక్కతే కూర్చుని లారీలంతేసి పెట్టెల్ని ఎత్తి దించుతుందట, ఆ మాట చెప్పేటప్పుడల్లా తనే ఎత్తినట్టు ఆయన భుజాలు ఎగరేస్తాడు. తల్లి పోయాక తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటాడని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు, చేసుకుంటున్నానని చెప్తే సరే అంది, సరే అన్న మనిషి రిజిస్ట్రారు ఆఫీసుకు రాలేదు, తర్వాత ఇంటికీ రాలేదు, ఎప్పుడైనా ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నావా, అక్కడితో సరి. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఇంకేమీ అడక్కుండా తల్లి కూర్చునే సోఫా ఒక్కటి తన క్వార్టర్స్‌కు పట్టుకుపోయింది. ఇప్పుడేమో ఆ క్వార్టర్స్ మారాలట, కొత్త గదిలో సోఫా పట్టదట, అందుకని ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి మాట్లాడటం ఆయన అలవాటు, వంటగదిలో ఉన్న తనకు ప్రతి మాటా వినబడింది.

"అమ్మ సోఫాకి ఆ ఇంట్లో చోటుంటే నాకూ ఉన్నట్టే నాన్నా. ఆదివారం వచ్చి చూస్తాను. లేదనిపిస్తే దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తాను, ఇంక నన్ను రమ్మని అడగొద్దు."

సాయంత్రం రైలుకే తిరుగు టికెట్ కూడా తీసేసుకుందట. ఆయన ఫోన్ పెట్టేసి, వంటగది గుమ్మంలోకి వచ్చి, ఎలా చెప్పాలో తెలీక నీళ్లు నమిలాడు. తను చేతులు తుడుచుకుంటూ, సోఫా ఎంత పొడుగుంటుందండీ అని అడిగింది. ఏడవాల్సిన చోట కొలతలు అడిగే ఆడదాన్ని నిన్నే చూశాను అని ఆయన నవ్వాడు, నవ్వుతుంటే కళ్లు తడిశాయి, తుడుచుకోవడానికి కళ్లజోడు తీసి ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసి ఆమె అప్పుడే నిశ్చయించుకుంది. ఈ తండ్రికి ఆ కూతుర్ని తిరిగి తెచ్చి ఇవ్వాలి, అందుకు ఒక గది కావాలి, అంతేగా. గది కట్టడం తనకు కొట్టిన పిండి.

వ్యాన్లోంచి సోఫా దింపుతుంటే చూసి పై అంతస్తు టీచరమ్మ ముక్కున వేలేసుకుంది. ఇంత పచ్చేమిటండీ, మీదొక దుప్పటి కప్పేయండి, లేదా వెనక గదిలోకి తోసేయండి అని ఉచిత సలహా ఒకటి. పచ్చంటే మాటలు కాదు నిజమే, మిగతా రంగులు చెప్పిన మాట వింటాయి, పచ్చ వినదు, దాని పక్కన నీలం పెడితే గదికి జబ్బు చేసినట్టుంటుంది, ఎరుపు పెడితే దుకాణం బోర్డు, తెలుపు పెడితే ఆసుపత్రి. పైగా ఇది లేతదీ కాదు ముదురుదీ కాదు, తడి ఆరని మెట్ల మీద పట్టే నాచు రంగు ముఖమల్, చేతులు ఆనే చోట అరిగి పసుపు తిరిగింది. దాని మీద దుప్పటి కప్పడమంటే ఆ పిల్ల మొహం మీద కప్పినట్టే. దాచకూడదు, దానికే పెద్దపీట వెయ్యాలి, మిగతా గదంతా దానికి లొంగాలి. అందుకే గంధం రంగు, పచ్చ పక్కన నిలబడి పచ్చను చిన్నబుచ్చనిది అదొక్కటే, తెలుపులో పసుపూ చిటికెడు ఇటుక రంగూ వేసి తనే కలిపింది, కలిపి గోడ మూలన కాస్త పూసి, పొద్దునొకసారీ సాయంత్రమొకసారీ చూసి, మళ్లీ కలిపింది. కర్టెన్లకు ముతక గుడ్డ, మెరిసే గుడ్డ అయితే ముఖమల్‌తో పోటీకి దిగుతుంది. దీపం షేడు లోపల పసుపు కాగితం, తెల్లటి వెలుగు తగిలితే ఈ పచ్చ బూడిద రంగుకు తిరిగిపోతుంది. తన పేము కుర్చీ, పెళ్లి కాని రోజుల నుంచీ ఇల్లిల్లూ వెంట తిరిగినది, దీని పక్కన ఎక్కడ పెట్టినా అతకలేదు, అందుకని పడగ్గదిలోకి పోయింది. నీ కుర్చీ నీకుండాలి కదా అని ఆయన రెండుసార్లు అన్నాడు. గదికి అడ్డమండీ అంది తను, అక్కడితో ఆ మాట ఆపేసింది.

ఆయనకు రంగులు పట్టవు. కళ్లద్దాల షాపు ఆయనది, పగలల్లా ఊళ్లోవాళ్లకు చూపు సరిచేస్తాడు, ఇంట్లో మాత్రం నీలం సాక్సు ఒకటీ నల్ల సాక్సు ఒకటీ వేసుకుని బయల్దేరతాడు. తను మొదటిసారి ఆ షాపుకు వెళ్లినప్పుడు, ఎదుటి బోర్డు మీద అక్షరాలు చదవమంటే, చదవడం మానేసి, బోర్డు మరీ ఎత్తులో ఉంది, దీపం ఎడమ వైపు నుంచి రావాలి, ఇలా పెడితే మంచి కళ్లు కూడా చెడిపోయినట్టే కనబడతాయి అని చెప్పింది. ఇంకొకడైతే చదవడానికి వచ్చావా సర్దడానికి వచ్చావా అనేవాడు. ఈయన స్టూలెక్కి దీపం జరిపి, ఇప్పుడు చూడండి అన్నాడు, అద్దాలు తీసుకోవడానికి మళ్లీ వెళ్లేసరికి బోర్డు కూడా కిందికి దిగి ఉంది. ఈ వయసులో ప్రేమేమిటని సమాజంలో కుర్రకారు ఆటపట్టిస్తే ఆమె చెప్పే కథ ఇదొక్కటే, చెప్పిన మాట చెవిన పెట్టి, చెవిన పెట్టినట్టు చూపించుకోని మగాణ్ణి మీరు చూశారా అని. వాళ్లు చూడలేదు. వాళ్లకు తెలిసిందల్లా స్టేజీ మీది మగవాళ్లు, సింహాసనాల మీద కాలు మీద కాలేసుకునే రకం, ఆ సింహాసనాలు ముందు నుంచి చూస్తే బంగారం, వెనక గోనెపట్టా, మేకులు, ఏ ఊళ్లోనో అంటించిన పాత పోస్టరు ముక్క. కనబడని చోట రంగు వెయ్యడమంత దండగ పని లేదు, ఆ లెక్క ఆమె చేతులకే తెలుసు, తలదాకా రానక్కర్లేదు.

ఆ పిల్ల తల్లి ఎడమ చివర కూర్చునేది. ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు, సోఫానే చెప్తుంది; ఎడమ చివర ఒక గుంట, దాని పక్కన చేయి ఆనే చోట బట్ట నున్నగా అరిగిపోయింది, కింద కొయ్య మీద మడమల రాపిడి, అంటే కాళ్లు వెనక్కి లాక్కుని కూర్చునే మనిషి, ఎవరైనా పిలిస్తే చటుక్కున లేవడానికి. ఆ గుంటను బ్రష్షుతో ఎంత దువ్వినా లేవలేదు, ఇక ఊరుకుంది. అసూయ రావాలేమో, రాలేదు. నాటకం అయ్యాక వేషాలు విప్పి పడేసిన బట్టల్ని మడతపెట్టే వాళ్లకు ఆ వేషాల మీద అసూయ ఎక్కడ ఉంటుంది. తను ఆవిడ వేషం వెయ్యడానికి రాలేదు, నాలో నీకు ఇంకెవరైనా కనబడుతున్నారా అని ఒక్కసారి ఆయన్ని అడిగింది, అద్దాలు పెట్టుకుని మరీ చూసి లేదన్నాడు. ఆ పిల్ల నిన్ను ఏమని పిలుస్తుందో అన్నది ఆయన బెంగ, పిన్నీ అంటుందా, ఏవండీ అంటుందా, ఏమీ అనకుండా గాల్లోకి మాట్లాడుతుందా అని నిన్నంతా గదిలో అటూ ఇటూ తిరిగాడు. పిలుపు సంగతి తర్వాత, ముందు పిల్లని కూర్చోనివ్వండి అంది తను.

కూర్చోనివ్వండి. ఆ మాట ఎందుకో ఇప్పుడు గదిలో తిరిగి వినబడింది, ఎవరో పక్కన నిలబడి అన్నట్టు, గొంతు కూడా తనది కాదు, పెద్ద మేస్త్రిది. కర్టెన్లు కుట్టడానికి సమాజంలో చేరిన కొత్తలో ఆమెకు పని నేర్పింది ఆయనే, బక్కపల్చటి మనిషి, చెవి మీద పెన్సిలు లేకుండా ఎవరూ చూడలేదు, ముక్కు మీద కోపం. కూర్చోకుండా ఏ కుర్చీనీ తెర ముందుకు పంపకు అనేవాడు. ఒకసారి పంపింది, ఎత్తు పీట ఒకటి, చూపుకు భలే ఉందని. తీరా రాణి దాని మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందక గాల్లో ఊగాయి, కొడుకు చనిపోయాడన్న కబురు వచ్చే ఘట్టంలో జనమంతా గొల్లున నవ్వారు. ఆ రాణి వేషం వేసినావిడ నెల్లాళ్లు తనతో మాట్లాడలేదు. ఆనాటి నుంచీ సింహాసనమైనా, జైలు బల్లయినా, చచ్చేవాళ్లు పడుకునే మంచమైనా, ముందు తను కూర్చుని, పడుకుని, దొర్లి చూడాల్సిందే. మరి దీని మీద?

దీని మీద కూర్చోలేదు. తుడిచింది, దువ్వింది, కాళ్ల కింద గోనెపట్టా వేసి జరిపింది, దిండ్లు కుట్టింది, చుట్టూ తిరిగింది, కూర్చోలేదు. చేతులకు రంగుందని ఒకసారి, చీరకు సున్నం అంటిందని ఒకసారి, టీ తాగాలన్నా స్టూలు మీదే. ఆయనా కూర్చోలేదు. అది వచ్చిన రోజు నుంచీ ఇద్దరూ తివాచీ అంచున నేల మీద కూర్చుని తింటున్నారు, ఎదురుగా సోఫా, పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు కూర్చున్నట్టు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటూ. భయం. ఔను భయమే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు, ఆ గుంటలో తను కూర్చుంటే ఆ గుంట తన ఆకారానికి తిరిగిపోతుందని, ఆ పిల్ల వచ్చి చూసి కనిపెట్టేస్తుందని. ఇంత బతుకూ బతికి ముఖమల్ గుడ్డకు భయపడుతున్నానా అనుకుంటే ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. వెళ్లి, చీర సర్దుకుని, ఎడమ చివర, సరిగ్గా గుంటలోనే కూర్చుంది. కూర్చోగానే లోపలెక్కడో తెగిన స్ప్రింగు ఒకటి తొడలో గుచ్చుకుంది, అబ్బా అని పక్కకు జరిగి, అక్కడ ఇంకొంచెం ఒరిగి, చివరికి ఆ స్ప్రింగు తగలని ఒక వాలు దొరికాక, తలెత్తి చూసింది.

ఎదురుగా ఏమీ లేదు. గోడ ఉంది, వట్టి సున్నం గోడ, దాని మీద మేకు కూడా లేదు. పక్కనున్న రెండు కుర్చీల్లో ఎవరైనా కూర్చుంటే మోకాళ్లు కనబడతాయి, మొహాలు కనబడాలంటే మెడ మెలితిప్పాలి. కిటికీ పక్కకు పోయింది, దీపం వీపు మీద. ఇంత అందమైన గదిలో కూర్చున్న మనిషికి మాత్రం ఒక్క అందమూ కనబడదు, అన్నీ వెనకా పక్కలా ఉన్నాయి, అన్నీ ఆ వట్టి గోడకు కనబడుతున్నాయి. ఇందాక తను వీపు ఆనించి నిలబడి మురిసిపోయిన గోడ అదే, ఇన్ని రోజులూ నిలబడి ఇటు కాస్త, అటు కాస్త అని సరిచూసుకున్న చోటూ అదే. జనం కూర్చునే వైపు. ఇన్నేళ్లూ తను కట్టిన ఇళ్లన్నీ మూడు గోడల ఇళ్లు, నాలుగో గోడ ఉండాల్సిన చోట చీకటి, దగ్గులు, టార్చిలైటు పట్టుకుని సీటు వెతుక్కునే ఆలస్యగాళ్లు. స్టేజీ మీద నలుగురు మాట్లాడుకున్నా నలుగురూ జనం వైపే తిరిగి మాట్లాడుకుంటారు, ఎవరూ వీపు చూపించకూడదు. చేతులు అలవాటుకొద్దీ సొంత ఇంట్లోనూ అదే కట్టేశాయి. ఆ పిల్ల తలుపు తీసుకుని లోపలికి వస్తుంది, ఎదురుగా అమ్మ సోఫా, చుట్టూ ఈ హంగు, తాకరాదు అని బోర్డొకటి తక్కువ. చోటుందా అని అడిగింది ఆ పిల్ల, కూర్చునే చోటు. తను ప్రదర్శన పెట్టింది.

నవ్వొచ్చింది, అంత గాభరాలోనూ. పెద్ద మేస్త్రి ఉంటే పెన్సిలు తీసి నెత్తి మీద ఒక్కటి పొడిచేవాడు. గోడ మీది గడియారం చూసింది, పుట్టి మునిగిపోలేదు, ఇంతకన్నా తక్కువ వ్యవధిలో, అదీ చీకట్లో, నోరెత్తకుండా గదులు మార్చిన చేతులివి. చీర కొంగు బిగించి, సోఫా కాళ్ల కింద గోనెపట్టా దూర్చి, ముందు ఒక చివర, తర్వాత రెండో చివర, కిటికీ వైపు తిరిగేదాకా సోఫాను లాగింది. కుర్చీలు రెండూ దానికి ఎదురుగా తిప్పింది, వాటి వీపులు గుమ్మం వైపు పోయాయి, పోనీ. పడగ్గదిలోంచి పేము కుర్చీ తెచ్చి మధ్యలో వేసింది, అది ఇప్పటికీ అతకలేదు, ఉండనీ, అతకకపోయినా అందులో కూర్చుంటే సోఫాలోవాళ్ల కళ్లు తిన్నగా కనబడతాయి. నడుం పట్టుకుని వెనక్కి తిరిగింది. గోడ. గంధం రంగు గోడ మధ్యలో, ఇంతకు ముందు అద్దెకున్నవాళ్ల నాటి మాసిన నీలం, అచ్చం సోఫా ఆకారంలో, వీపు వంపూ రెండు చేతుల వంపూ కూడా పొల్లుపోకుండా. కనబడని చోట రంగెందుకని సోఫాను గోడకు చేర్చి చుట్టూ వేసుకుపోయింది, వేసిన సంగతే గుర్తు లేదు. రంగు బకెట్లో కాస్త ఉంది, కానీ ఇప్పుడు వేస్తే తడి తడిగా, నీలం లోపల్నుంచి తొంగిచూస్తూ ఇంకా అసహ్యంగా ఉంటుంది.

ఒగరుస్తూ సోఫా ఎడమ చివర కూర్చుంది, ఈసారి స్ప్రింగు సంగతి తెలుసు కనక తప్పించుకుని. కిటికీలోంచి వీధంతా కనబడింది, సైకిలు దుకాణం, బేకరీ మలుపు, బస్సు ఆగడం, ఆయన దిగడం, ఆయన వెనక పొట్టి జుట్టు, బరువైన బూట్లు, భుజాన చిన్న సంచి. ఆయన చేతులూపుతూ ఏదో చెప్తున్నాడు, ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నడుస్తోంది. వాళ్లు వీధి దాటి, మెట్లెక్కి వచ్చేలోగా సోఫాను మళ్లీ గోడకు తోసేయొచ్చు, ఒక్క ఊపు చాలు, మచ్చ మాయమవుతుంది, గది మళ్లీ పడుతుంది. చూడగానే బాగుందనిపించే గది ఒక పక్క, కూర్చుంటే బాగుండే గది ఒక పక్క, ఆ రెంటి మధ్యకు ఆయన ప్రాణమైన కూతురు నడిచి వస్తోంది. చేతులు సోఫా అంచు మీదికి పోయాయి కూడా. అప్పుడు ఆ పిల్ల వీధిలో ఆగి, తలెత్తి కిటికీ వైపు చూసింది, సోఫా పచ్చను చూసిందో, దాని మీద కూర్చున్న మనిషిని చూసిందో తెలీదు. సెట్టక్క లేవలేదు. చూస్తే చూడనీ అనుకుంది, అనుకున్నాక ఊపిరి తేలికైంది.

సెట్టక్క లేచి తలుపు తీసింది. ఆయన ముందు వచ్చాడు, గదిని చూశాడు, గోడను చూశాడు. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడింది, సంచి దించలేదు. తన పని చేసేటప్పుడూ ఇలాగే చూస్తుంది కాబోలు, ఆ చూపు గదంతా ఒక్కసారి చుట్టబెట్టి చివరికి గోడ మీది నీలం మచ్చ దగ్గర ఆగింది.

"అక్కడ ఉండేదా?"

"ఇందాకటిదాకా," అంది సెట్టక్క.

"మరెందుకు జరిపారు?"

వెలుతురు గురించి చెప్పొచ్చు, గాలి గురించి చెప్పొచ్చు, ఇలాంటి ప్రశ్నలకు నాటకాల వాళ్ల దగ్గర జవాబులకు కొదవుండదు. "కూర్చుని చూశానమ్మా. అక్కణ్ణుంచి గోడ తప్ప ఏమీ కనబడలేదు. వెనక రంగు వెయ్యలేదన్న సంగతి జరిపాక గుర్తొచ్చింది."

"మా పనిలోనూ అంతే," అంది ఆ పిల్ల, నవ్వకుండా. "పెట్టె ఎత్తితే గానీ కింద ఏముందో తెలీదు." సోఫా వైపు తిరిగి, "ఎటు పక్క కూర్చున్నారు?" అని అడిగింది.

సెట్టక్క గుంట చూపించింది. ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"స్ప్రింగు ఇంకా గుచ్చుతోందా?"

"తొడలోకి దిగింది."

ఆ పిల్ల మొహంలో ఏదో సడలింది. సంచి భుజం మీంచి జారితే జారనిచ్చి, దాన్ని అక్కడే వదిలేసి, వచ్చి సోఫా ముందు నిలబడింది. బాగు చేయిద్దామంటే అమ్మ ఒప్పుకునేది కాదని, అది గుచ్చకపోతే కునుకు పడుతుందనేదని, సోఫాతోనే చెప్తున్నట్టు చెప్పింది. "నా దగ్గర ఉన్నన్నాళ్లూ నేను దీని మీద కూర్చోలేదు. మంచం మీద కూర్చుని దీన్ని చూస్తూ ఉండేదాన్ని, అంతే." అని, ఎవరైనా ఆపుతారేమోనన్నట్టు గబుక్కున, ఎడమ చివర గుంటలో కూర్చుంది. కూర్చోగానే అబ్బా అంది. సెట్టక్క ఎదురుగా పేము కుర్చీలో కూర్చుని, కొంచెం కిటికీ వైపు ఒరుగు అంది. ఒరిగింది. ఒరిగితే వీధి కనబడింది, తండ్రి కనబడ్డాడు, ఎదుటి మనిషి కనబడింది.

ఆ పిల్ల మళ్లీ గోడ వైపు తిరిగింది. "రంగు మిగిలిందా?"

"బకెట్లో కాస్త ఉంది."

"ఒక పూతకి ఆ నీలం పోతుందా?"

"పోదు. రెండు వెయ్యాలి. మధ్యలో తెల్లవార్లూ ఆరాలి."

ఆయన గడియారం చూసి, అద్దాలు లేక సరిగా కనబడక, సాయంత్రం రైలు, అని ఏదో అనబోయాడు. ఆ పిల్ల అప్పటికే ముందుకు వంగి బూట్ల తాళ్లు విప్పుకుంటోంది.

"నాన్నా, ఏవైనా పాత పేపర్లుంటే తెచ్చి కింద పరుచు. తివాచీ పాడవుతుంది," అంది.